వాడరేవులో కట్టిన కట్టు

నోరు పెద్దదని నాకు పేరు. చిలకలూరిపేట జిన్నింగు మిల్లులో యంత్రాల హోరు మీద కూడా ఖుర్షిదా గొంతు వినబడుతుందని అందరూ ఆటపట్టించేవాళ్ళు. ఆ రోజు అంత గొంతూ పెట్టుకుని అరిచినా నా మొగుడు వినిపించుకోలేదు. అదీ నా బాధ. కాలు పోయిందన్న బాధ దాని తర్వాతే.

మా ఆయన నాగూర్ వలిది అదే మిల్లులో ప్రెస్సు దగ్గర పని. దూదిని అదిమి, బేలు చుట్టూ ఇనప పట్టీలు బిగించాలి. ఒకసారి బిగించిన పట్టీని ఎవరూ ముట్టుకోరు. ముట్టుకుని వదిలారా, అదిమిన దూది ఒక్కసారిగా తన్నుకొచ్చి పట్టీ మొహాన కొడుతుంది. ఆయన కళ్ళ ముందే ఒకతనికి అలా కన్ను పోయింది. అప్పట్నించీ బిగించింది విప్పడమంటే ఆయనకి హడల్.

రెండు వేల నాలుగు వేసవిలో సీజను అయిపోయి మిల్లు మూశారు. సముద్రం చూడాలని నేనే గోలపెట్టాను. పుట్టి బుద్ధెరిగి చూసింది లేదు మరి. "ఈ ఎండల్లో ఏం పోయేకాలమే నీకు?" అని మా అత్త జాన్‌బీ తిడుతూనే పులిహోర కలిపింది. మిల్లు డ్రైవరు జక్రయ్య జీపు తెచ్చాడు. నలుగురం పొద్దున్నే బయల్దేరి చీరాల మీదుగా వాడరేవు వెళ్ళాం.

అబ్బ, ఎంత బాగుందో! చీర ఎత్తి దోపుకుని కెరటాల్లో చిన్నపిల్లలా గెంతాను. జాలర్లు పడవని దుంగల మీద ఒడ్డుకు లాగుతుంటే మా ఆయనా వెళ్ళి తాడు పట్టుకున్నాడు. పని కనబడితే ఊరుకోలేడు. నేను పడవ వెనక నీళ్ళలో నిలబడి, "గట్టిగా లాగయ్యా, తిన్న పులిహోరంతా ఏమైపోయింది?" అని ఎగతాళి చేస్తున్నాను. ఇంతలో పెద్ద కెరటం పడవని ఎత్తింది. పడవ వెనక్కి జారి నా ఎడమకాలిని దుంగకేసి నొక్కేసింది.

ఎముక బయటికొచ్చింది. నెత్తురు ధారగా పోతోంది. చుట్టూ చేరినవాళ్ళు అయ్యో అయ్యో అనేవాళ్ళేగానీ ఒక్కరూ కదల్లేదు. మా ఆయన తలకున్న తువ్వాలు లాగి మోకాలి కింద చుట్టాడు. కర్రముక్క దూర్చి మెలితిప్పి బిగించాడు. నెత్తురు ఆగిపోయింది. "మనిషిని బతికించావు సోదరా" అన్నారు జాలర్లు. అంత నొప్పిలోనూ నాకు గర్వంగా అనిపించింది.

చీరాలలో మేము వెళ్ళిన చోట డాక్టరు లేడు, గుంటూరు పొమ్మన్నారు. పర్చూరు దాటాక జీపు మొరాయించింది. ఎండలో జక్రయ్య ఇంజనుతో కుస్తీ పడుతున్నాడు. కట్టు కింద కాలు నిప్పుల్లో పెట్టినట్టుంది.

"విప్పవయ్యా, కాలు పేలిపోతంది!"

"ఊరుకోవే. వదిలితే నెత్తురంతా పోద్ది, చచ్చిపోతావు."

"చస్తే చస్తాను. నీకు పుణ్యముంటది, విప్పు!"

విప్పలేదు. నా కంటే ఎక్కువ ఆయనే ఏడుస్తున్నాడు, అయినా కర్రని రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాడు. అరిచి అరిచి నా గొంతు పోయింది. కాసేపటికి నొప్పీ పోయింది. "చూశావా, సర్దుకుంది" అన్నాడు. పిచ్చిమొహాన్ని, నేనూ నమ్మాను.

ఎట్టకేలకు జీపు కదిలి, దీపాలు పెట్టే వేళకి గుంటూరు బ్రాడీపేటలో ఒక ఎముకల డాక్టరు దగ్గరికి చేరాం. ఆయన కట్టు విప్పి చూశాడు. కాలు నల్లగా, చల్లగా ఉంది. "కట్టకపోతే మనిషి దక్కేది కాదేమో. కానీ ఇంత బిగించి ఇంతసేపు ఉంచితే కాలు ఎలా దక్కుతుందయ్యా?" అన్నాడు. మోకాలు మిగిల్చి కింద తీసేశారు.

ఇంటికొచ్చాక ఆయన నా కళ్ళలోకి చూడటం మానేశాడు. చూస్తే మాత్రం ఏముంది, నా ఒళ్ళు మండిపోయేది. ప్రాణం నిలబెట్టాడని తెలుసు. తెలిస్తే కోపం పోతుందా? విప్పు విప్పు అని నేను వేడుకోవడం నా చెవుల్లోనే మోగుతుండేది.

పుండు మానాక డాక్టరు సాగే గుడ్డపట్టీ ఇచ్చి, రోజూ బిగువుగా చుట్టాలన్నాడు. కోసేయగా మిగిలిన కాలు వాపు తగ్గి కుదురుగా తయారైతేనే పెట్టుడుకాలు పడుతుందట. అత్త చేతుల్లో సత్తువ లేదు. ఆయనేమో తగిలీ తగలనట్టు వదులుగా చుట్టేవాడు. అది మధ్యాహ్నానికల్లా జారి చాప మీద పడేది. "ఇలా వదులుగా చుడితే జన్మంతా మంచమే" అని డాక్టరు కేకలేశాడు.

మర్నాడు పొద్దున ఆయన మళ్ళీ అలాగే చుట్టబోయాడు. ఇక నేను ఆగలేకపోయాను.

"ఆ రోజు విప్పమంటే విప్పలేదు. ఇప్పుడు గట్టిగా కట్టమంటే కట్టవు. నా మాట ఎప్పుడు వింటావయ్యా నువ్వు?"

తలొంచుకున్నాడు. "నా చేతులంటే నాకే భయమేస్తందే" అన్నాడు.

"భయపడాల్సింది నేను. కాలు నాది. నడవాల్సింది నేను. కట్టు!"

అప్పుడు కట్టడం మొదలుపెట్టాడు. చుట్టు చుట్టుకీ ఆగి నా మొహం చూస్తున్నాడు. పట్టీ బిగుస్తున్న కొద్దీ నాకు ఆ రోజు జీపులో బిగిసిన కట్టే గుర్తొచ్చింది. నొప్పి లేదు. లేకపోయినా గొంతులోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"విప్పు."

ఎందుకని కూడా అడగలేదు. గబగబా మొత్తం విప్పేశాడు. పట్టీ అంతా ఒళ్ళో పోసుకుని, ఇంకేం చెబుతానో అని నా వైపే చూస్తూ కూర్చున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆస్పత్రిలో కూడా అంత ఏడవలేదు.

కళ్ళు తుడుచుకుని కాలు ఆయన ముందుకి జరిపాను.

"మళ్ళీ కట్టు. ఈసారి గట్టిగా."