ఫియట్‌కు కొత్త తాళాలు

చేవెళ్ల బస్టాండు దాటాక రోడ్డు పక్కనే అన్నపూర్ణ కిరాణా దుకాణం. దుకాణం వెనకే ఇల్లు, ఇంటి పక్కన రేకుల షెడ్డు. ఆ షెడ్డులో మీగడ రంగు ఫియట్ కారొకటి ఏళ్ల తరబడి కదలకుండా ఉంది. దుకాణం నడిపే అన్నపూర్ణ మామగారు కొన్న కారది. ఆయన పోయాక భర్త బాలకిషన్ దాన్ని కన్నబిడ్డలా చూసుకున్నాడు. ఆ దంపతులకు పిల్లలు లేరు.

ఒకరోజు పొద్దున బాలకిషన్ కారు తుడిచి, తలుపులకు తాళం వేసి, తాళంచెవులు చొక్కా జేబులో వేసుకొని, "ఇప్పుడే వస్త" అని బస్టాండు వైపు నడిచి వెళ్లాడు. మళ్లీ రాలేదు. తాండూరు బస్సు ఎక్కుతుంటే చూశామని ఎవరో అన్నారు. అన్నపూర్ణ తాండూరు వెళ్లింది, వికారాబాద్ వెళ్లింది, ఠాణాలో ఫోటో ఇచ్చింది. ఇంట్లో గొడవ లేదు, అప్పు లేదు, రోగం లేదు. ఎందుకు వెళ్లాడో చెప్పగలిగిన మనిషి ఒక్కరూ దొరకలేదు. మొదట్లో ఊరంతా అడిగేది, "ఏమన్న తెలిసిందా?" అని. ఆమె ముఖం చూసి చూసి ఊరు అడగడం మానేసింది. ఇప్పుడు దుకాణానికి వచ్చినవాళ్లు ఉప్పు అడుగుతారు, పప్పు అడుగుతారు, తీసుకొని పోతారు.

ఈలోగా పట్నం ఇటువైపు పాకుతూ వస్తోంది. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడలు లేచాయి. మొయినాబాద్ దాకా చేలల్లో ప్లాట్ల రాళ్లు దిగాయి. రోడ్డు వెడల్పు చేస్తామని అధికారులు వచ్చి షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో గీత గీసి పోయారు. షెడ్డు పోతుంది. కారును ఇంటి వెనక దొడ్లోకి తీసుకుపోవాలి. కానీ గేరులో పెట్టి తాళం వేసిన కారు అంగుళం కూడా కదలదు.

పక్కింటి నర్సింహులు మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ ఊరి వైపు షేర్ ఆటో నడుపుతాడు. అతనికి కారు నడపడం కూడా వచ్చు. అతను షెడ్డులోకి వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"అక్క, ఒక అద్దం పలగ్గొడితె అయిపాయె. చెయ్యి లోపల పెట్టి తలుపు తీసి, నూకుకుంట పోదం."

"అద్దం ముట్టకు. తాళాలు చేసెటోన్ని తోలుకరా."

మరునాడు నర్సింహులు మొయినాబాద్ నుంచి యోసేపును తీసుకొచ్చాడు. బక్కపలచని మనిషి, నెరిసిన గడ్డం. తాళంచెవులు పోయాయని మాత్రమే నర్సింహులు అతనికి చెప్పాడు. యోసేపు సన్నని ఇనుప పట్టీ ఒకటి తీసి, అద్దానికీ రబ్బరుకూ మధ్య దూర్చి, తన చెవిని తలుపుకు ఆనించి, కాసేపు కదిలించాడు. లోపల టక్కుమంది. తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది.

అన్నపూర్ణ గబగబా ముందుకు వచ్చింది. ఇన్నేళ్లూ ఆ కారులో ఏదో ఉందని ఆమె మనసులో ఒక మూల నమ్ముతూనే ఉంది. ఒక చిట్టీ, ఒక టికెట్టు, ఒక బట్టల సంచి, ఏదో ఒకటి. సీట్ల కింద చెయ్యి పెట్టి చూసింది. డిక్కీ కూడా తెరిపించింది. స్టెప్నీ, తుడిచే గుడ్డ, ఎలుకలు కొరికిన సీటు దూది. ఇంకేమీ లేదు. లోపల ఆయన వాసన కూడా లేదు, దుమ్ము వాసన తప్ప.

"ఏమన్న దేవులాడుతున్నరా అమ్మ?" అన్నాడు యోసేపు.

"ఏం లేదు. నువ్వు నీ పని చూసుకో."

యోసేపు తాళాలు విప్పి చేతిలోకి తీసుకొని చెప్పాడు. "రెండు తీర్లున్నయి అమ్మ. వీటిని సాఫ్ జేసి, వీటికే కొత్త చెవులు గీకిస్త. గప్పుడు పాత చెవులు దొరికినా పనిచేస్తయి. లేకుంటె తాళాలే మార్చాలె. మారిస్తె పాత చెవి దేనికీ పనికిరాదు."

"పాతయే ఉంచు," అంది అన్నపూర్ణ వెంటనే.

అతను తాళాలను సంచిలో వేసుకొని వెళ్లాడు. వాటి చోట తలుపుల్లో గుండ్రటి చిల్లులు మిగిలాయి. అన్నపూర్ణ గుడ్డ పేలికలు చుట్టి వాటిలో కుక్కింది. ఆ వారమంతా దుకాణంలో కూర్చున్నా ఆమె చూపు షెడ్డు వైపే పోయేది.

తాళాలు తయారయ్యాయని యోసేపు నుంచి కబురు రాగానే దుకాణం మూసి మొయినాబాద్ బస్సెక్కింది. కిటికీలోంచి చూస్తే పాత దారిలా లేదు. టమాట తోటలున్న చోట గేట్లు, గేట్ల మీద ఇంగ్లిషు పేర్లు. పక్క సీట్లో కాలేజీ పిల్లలు ఇద్దరు ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటూ నవ్వుతున్నారు. బస్సు దిగేదాకా ఆమెతో ఎవరూ మాట్లాడలేదు.

యోసేపు దుకాణం రోడ్డు వారగా ఒక చిన్న మడిగె, ఒంటి గది కొట్టు. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, తాళాలు బల్ల మీద పెట్టాడు.

"పాతయే సాఫ్ జేసిన, మంచిగనే తిరుగుతున్నయి. కని ఒక మాట అడుగుత అమ్మ, ఏమనుకోకు. గా పాత చెవులు ఎవలి చేతులన్న పడ్డయా? దొంగల చేతుల పడ్డయంటె మార్చుడే మంచిది."

"దొంగల చేతుల ఎందుకు పడతయి? మా ఆయన దగ్గరనే ఉన్నయి."

"అట్లనా! మరి ఆయన ఏడున్నడు?"

అన్నపూర్ణ నోరు తెరిచింది. ఆ ప్రశ్న ఆమెను ఎవరైనా అడిగి ఎంత కాలమైందో! చేవెళ్లలో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడగరు. ఎవరూ అడగరు కాబట్టి జవాబు చెప్పే పని పడలేదు.

"తెల్వదు," అంది.

ఆ మాట బయటికి రాగానే మిగతా మాటలూ వచ్చేశాయి. "తెల్వదు. ఇప్పుడే వస్తనని పోయిండు. ఉన్నడో లేడో గూడ తెల్వదు." కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. యోసేపు ఏం చెయ్యాలో తోచక ఆకురాయి తీసి పక్కన పెట్టాడు, మళ్లీ తీశాడు. చివరికి లేచి వెళ్లి పక్క హోటలు నుంచి చాయ్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"తప్పైంది అమ్మ. నాకు ఎరుక లేదు. పాతయే ఉంచుత, ఫికర్ చెయ్యకు."

ఆమె చాయ్ తాగింది. తాళాల వైపు చాలాసేపు చూసింది. ఇన్నేళ్లుగా ఆయన వస్తే నేరుగా షెడ్డుకే పోతాడని, తాళం తీసి కారులో కూర్చుంటాడని అనుకునేది. ఇంటి తలుపు కొట్టినట్టు, తనను పిలిచినట్టు ఎప్పుడూ అనుకోలేదు. తన ఊహలో కూడా ఆయన తన దగ్గరికి రాలేదని ఇప్పుడు తెలిసొచ్చి ఆమెకు కోపం వచ్చింది.

"వద్దు యోసేపు. కొత్తయే పెట్టు."

"ఆయన వస్తె ఎట్లమ్మ మరి?"

"వస్తె నన్ను అడుగుతడు. ఇంటి తలుపు నేనే గద తీసేది. కారు గూడ నేనే తీస్త."

పట్నంలో పాత కార్ల విడిభాగాలు అమ్మే బజారు గాలించి యోసేపు ఫియట్‌కు సరిపడే కొత్త తాళాలు తెచ్చి బిగించాడు. నర్సింహులు పిలుచుకొచ్చిన మెకానిక్ బ్యాటరీ మార్చాడు. ఎన్నో సార్లు దగ్గి దగ్గి, నల్లటి పొగ చిమ్మి కారు స్టార్టయింది. నర్సింహులు దాన్ని దొడ్లోకి తెచ్చి నిలబెట్టి తాళంచెవి ఆమె చేతికిచ్చాడు.

"అమ్ముతవా అక్క? గండిపేట దిక్కు సాఫ్ట్‌వేరోళ్లు పాత కార్లంటె పానమిస్తున్నరట."

"అమ్మను. నాకు నడుపుడు నేర్పుతవా?"

అతను నవ్వబోయి ఆగిపోయాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం హిమాయత్‌నగర్ దారిలో ఆమెకు కారు నేర్పాడు. ఒకసారి వరికుప్పను గుద్దింది, ఇంకోసారి మలుపు తిరగలేక కాలువ గట్టెక్కించింది. "బ్రేకు అక్క, బ్రేకు!" అన్న నర్సింహులు కేకకు చేలో కలుపు తీసేవాళ్లు నడుం ఎత్తి చూశారు. వానలు మొదలయ్యేసరికి చేయి కుదిరింది. రోడ్డు పనివాళ్లు వచ్చి షెడ్డు పడగొట్టారు. ఆ చోటు ఖాళీగా వెలుతురు పడి కనిపిస్తుంటే, దుకాణంలో కూర్చున్న ఆమెకు మొదట్లో కళ్లు నొప్పి పెట్టేవి.

ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం దుకాణం మూసి, ఎవరికీ చెప్పకుండా ఒక్కతే గండిపేట చెరువు దాకా వెళ్లింది. కట్ట మీద పడుచు జంటలు, బైకులు, పిల్లలను ఎత్తుకున్న కుటుంబాలు. ఆమె కారు ఓ పక్కన ఆపి తాళం వేసి దిగింది. బొగ్గుల మీద మక్కకంకులు కాలుస్తున్న అవ్వ ఆమెను చూసి, కారు వైపు చూసి, రెండు కంకులు తీసింది.

"ఒకటి చాలు అవ్వ," అంది అన్నపూర్ణ.

"కారుల ఎవలు లేరా?"

"లేరు. నేనొక్కదాన్నే వచ్చిన."

"ఒక్కదానివే నడుపుకుంట వచ్చినవా! ఏ ఊరు బిడ్డ?"

"చేవెళ్ల."

అవ్వ ఇంకేమైనా అడుగుతుందేమోనని అన్నపూర్ణ కాసేపు అక్కడే నిలబడింది. వేరే బేరం వచ్చి అవ్వ అటు తిరిగింది. చినుకులు మొదలయ్యాయి. అన్నపూర్ణ కారులో కూర్చొని, అద్దం మీద జారే నీళ్లను చూస్తూ, కంకి వేడి తగ్గేదాకా ఆగి నిదానంగా తినసాగింది.