నలభై రెండో లోపం

ఆదిమూలం తప్పులు పట్టడంలో మొనగాడు. పెరంబూరులో రైలు పెట్టెల షెడ్డులో ముప్పై నాలుగేళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసినవాడు మరి. సుత్తితో చక్రం మీద ఒక్కటి తట్టి, చెవొగ్గి విని, సుద్దముక్కతో గీత గీశాడంటే ఇక ఆ పెట్టె కదలడానికి వీల్లేదు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ రోజు దొరికిన లోపాలన్నీ భార్య రాజలక్ష్మికి వరసగా చెప్పేవాడు. ఆవిడకు నట్టుకూ బోల్టుకూ తేడా తెలియదు. అయినా బియ్యంలో రాళ్లేరుతూ "ఆఁ, తర్వాత?" అనేది. ఆవిడ పోయి రెండేళ్లయింది. లోపాలు మాత్రం ఆయన కంటికి కనబడుతూనే ఉన్నాయి. చెప్పుకునే చోటే లేదు.

అలాంటివాడికి ఫోనులో ఒక దారి దొరికింది. జనంలోకి ఇంకా రాని యాప్‌లను ముందుగా వాడి చూసి బాగోగులు చెప్పమని అడిగే కంపెనీలు బోలెడున్నాయి. కనబడినవాటన్నింట్లోనూ చేరిపోయాడు. గురకను కొలిచేదొకటి. ఇంట్లో ఉన్న కూరగాయలు చెబితే వంట చెప్పేదొకటి. వంకాయ ఒక్కటే ఉందంటే అది పిజ్జా చేసుకోమంది. ప్రతిదానికీ తేదీ, సమయం, వరస నంబరు వేసి చిట్టా పంపేవాడు. 'మీ అభిప్రాయం మాకెంతో విలువైనది' అని అరక్షణంలో జవాబు వచ్చేది. అరక్షణంలో చదివేదెవడు? ఆ మాత్రం ఆయనకూ తెలుసు.

'సవ్వడి' ఒక్కటే వేరు. షోళింగనల్లూరులో ఓ చిన్న కంపెనీ తయారుచేస్తున్న యాప్ అది. ఫ్యాను, మిక్సీ, నీళ్ల మోటారు, దేని దగ్గర ఫోను పెట్టినా చప్పుడు విని జబ్బేమిటో చెబుతుంది. ఆయన సుత్తి చేసిన పనే. మొదటి రోజే ఆరు లోపాలు రాశాడు. మర్నాడు నీహారిక అనే అమ్మాయి తెలుగులో జవాబిచ్చింది. 'ఆరూ నిజమేనండి. మూడోది మాకెవరికీ తట్టలేదు. మీరు ఇదివరకు ఏం చేసేవారు సార్?'

ఆ ఒక్క ప్రశ్నకు ఆయన రెండు పేజీలు రాశాడు. అప్పటినుంచి నాలుగు నెలలు అదే వరస. లోపం రాస్తే జవాబు, జవాబు చివర తన ఊరు ఒంగోలు ఎండల గురించో, హాస్టల్ సాంబారు గురించో ఒక మాట. పొద్దున కాఫీ కంటే ముందు ఫోను చూసుకునేవాడు. అలా నలభై ఒక్క లోపాలు తీరిపోయాయి.

ఓ గురువారం కబురొచ్చింది. 'సార్, కొత్త లోపాలేవీ రాకపోతే శనివారం విడుదల. మన పరీక్ష ముగిసినట్టే. మీ మేలు మరిచిపోలేం.'

ఇంట్లో ఉన్న ప్రతి యంత్రం దగ్గరా ఫోను పెట్టి చూశాడు. పక్కింటి షీబాను బతిమాలి, పిండి లేకుండానే గ్రైండరు తిప్పించాడు. సవ్వడి ఎక్కడా తడబడలేదు. తనే దగ్గరుండి బాగుచేయించాడాయె. ఇంక రాయడానికేముంది?

పూర్వం షెడ్డులో ఒకసారి జెబరాజ్ అనే తోటి ఉద్యోగి సరదాకి బాగున్న పెట్టె మీద సుద్దగీత గీస్తే, ఆదిమూలం ఆర్నెల్లు అతనితో మాట్లాడలేదు. లేని తప్పు రాసేవాడు ఇన్‌స్పెక్టరే కాదన్నాడు. చెప్పేవి శ్రీరంగ నీతులని ఊరికే అన్నారా? శుక్రవారం పొద్దున కూర్చుని నలభై రెండోది రాశాడు. 'ఫ్యాను దగ్గర ఇరవై నిమిషాలు ఉంచితే యాప్ ఆగిపోతున్నది. అప్పుడప్పుడు మాత్రమే.' అప్పుడప్పుడు వచ్చే లోపాన్ని వెతకడం ఎంత నరకమో ఆయనకు తెలియనిది కాదు.

ఆదివారం పది గంటలకు ఫోను మోగింది. నీహారిక గొంతు వినడం అదే మొదటిసారి.

"సార్, నలభై రెండోది మాకు దొరకట్లేదండి. విడుదల ఆపేశాం. రెండు రోజుల్నుంచి ఆఫీసులోనే ఉన్నాను. మీ ఫ్యాను ఏ కంపెనీదో చెప్తారా?"

"ఆదివారం కూడా ఆడనే ఉండావా మా?"

"ఇవాళ మా చెల్లి నిశ్చితార్థమండి. టికెట్ క్యాన్సిల్ చేశాను. పర్లేదు సార్, మీరు రాశారంటే ఉండే ఉంటుంది. మా వాళ్లందరికీ అదే చెప్పాను."

ఇప్పుడు కనబడటం లేదు, వదిలెయ్యమని తప్పించుకోవచ్చు. ఆ అమ్మాయి నమ్ముతుంది కూడా. ఆ నమ్మకాన్నే ఆయన భరించలేకపోయాడు.

"అట్టాంటి లోపం లేదు మా. నేనే కల్పించి రాసినాను."

"ఎందుకు సార్?"

"లోపం లేకపోతే నువ్వు రాయవు కదా."

ఆదిమూలం గోడ గడియారం వైపు చూశాడు.

"నిశ్చితార్థం ఎన్ని గంటలకు మా?"

"ఇప్పుడే జరుగుతోందండి. ఉంటాను సార్" అని ఫోను పెట్టేసింది.

సోమవారం సవ్వడి విడుదలైంది. ఆదిమూలం తన చిట్టా తెరిచి చూశాడు. నలభై రెండో దానికి ఎదురుగా 'లోపం దొరకలేదు' అని రాసి మూసేసింది నీహారిక. అబద్ధమని రాయలేదు. ఆయన పరువు నిలిపింది. కింద జవాబు రాసే గడి మాత్రం తీసేశారు. ఫోను వచ్చిన నంబరుకు చేస్తే, పరీక్ష ముగిసింది, ధన్యవాదాలు అని రికార్డు చేసిన గొంతు పలికింది. చదివి వినిపిద్దామని రాసుకున్న క్షమాపణ కాగితం చేతిలోనే ఉండిపోయింది.

సాయంత్రం ఫ్యాను కింద ఫోను పెట్టి, ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు. యాప్ ఆగలేదు. 'లోపమేమీ లేదు' అని చెప్పింది.

ఆదిమూలం వంటింటి వైపు తిరిగాడు.

"ఈ పొద్దు ఒకటే దొరికింది రాజం. అది నాదే" అన్నాడు. తర్వాత ఏమిటని అడిగేవాళ్లు లేక అక్కడితో ఆపేశాడు.