తోటవైపు తలుపు

కర్నూలులో తుంగభద్ర ఒడ్డుకు దగ్గరలో, బొంబాయిలో చదివొచ్చిన ఇంజనీరు ఒకాయన కొత్త తరహా మేడ ఒకటి కట్టాడు. దూలాలు లేవు, మట్టి మిద్దె లేదు, అంతా సిమెంటు. మూలలు గుండ్రంగా తిప్పాడు, కిటికీలు ఓడకు పెట్టినట్టు పెట్టాడు. మేడ ఒకటే గాని లోపల నాలుగు వాటాలు. నాలుగింటికీ కలిపి వెనక ఒకే తోట, తోటలో ఒకే బావి. చూడటానికి వచ్చిన జనం, "నాలుగిండ్లోళ్లు ఒగే తోటలో తిరిగితే ఇంగ కొట్లాటకు యాడికీ పోనక్కర్లేదప్పా" అని నవ్వుకుంటూ పోయారు. జనం నోట్లో నువ్వు గింజ నానదు గాని, అప్పుడప్పుడు నిజం మాత్రం నానుతుంది.

ఆత్మకూరు ఓబుళరెడ్డి అందులో కింది వాటా ఒకటి కొన్నాడు. కూతురు ఈశ్వరమ్మ కోసమే కొన్నాడు. వాళ్ల వంశంలో హైస్కూలు గడప తొక్కిన మొదటి ఆడపిల్ల ఆమె. పిల్లకు వండిపెట్టడానికి తల్లి రామసుబ్బమ్మ సేద్యం, పాడి వదిలేసి పట్నం వచ్చింది. ఆ పిల్లకు చదువంటే ఎంత ఇష్టమో తోటంటే అంతకు రెండింతలు. కాని వాళ్ల వాటాకు తోటవైపు తలుపు లేదు. వీధి గడప దాటి, మేడంతా చుట్టుకుని పోవాలి. అంత చదువుకున్న ఇంజనీరుకు ఆ మాత్రం తోచలేదు మరి.

"ఈ గోడకు ఒగ తలుపు పెట్టియ్యమ్మా. నీకు కనపడతానే ఉంటా" అని పిల్ల రోజూ ప్రాణం తీసేది.

"సూస్తాంలే" అనేది తల్లి.

చూడనేలేదు. పదహారో ఏట సన్నిపాత జ్వరం వచ్చి, పదకొండో రోజు పిల్ల పోయింది. పోవడం పోవడం ధనిష్ఠ నక్షత్రంలో పోయింది.

ధనిష్ఠలో చావు జరిగితే ఆ ఇల్లు ఆరు నెలలు పాడు పెట్టాలి. ఊళ్లో మిద్దెకు మిద్దె విడిగా ఉంటుంది గనక దానికి పేచీ లేదు. ఇక్కడ కప్పు ఒకటి, కాపురాలు నాలుగు. ఖాళీ చేయవలసింది ఎవరు? ఒక పక్క పిల్ల చాప మీద ఉండగానే, పై వాటా ప్లీడరు గుమాస్తా భార్య మెట్ల మీద నిలబడి ఏడుపందుకుంది. చచ్చిన పిల్ల కోసం కాదు, వేరే ఇంటికి కట్టవలసిన ఆరు నెలల అద్దె కోసం. చివరికి పురోహితుడు బావి గట్టున కూర్చుని తీర్పు చెప్పాడు. ఇల్లంటే కప్పు కాదు, గడప. ఎవరి గడప వారిదే. శవాన్ని మాత్రం గడప దాటించకూడదు. తోటవైపు గోడకు కన్నం వేసి, అందులోంచి బయటికి తీసి, వెంటనే మూసెయ్యాలి. జీవం తిరిగొస్తే వెళ్లిన దారి కనపడక వెనక్కి పోతుంది.

ఆ సిమెంటు గోడ పగిలేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. దొంగలు మూట దాటించినట్టు పిల్లను దాటించారు. పిల్ల అడిగిన చోటనే, అడిగినంత వెడల్పునే. మళ్లీ ఇటుకలు పేర్చి, యుద్ధం రోజుల్లో సిమెంటు దొరక్క, మట్టి మెత్తి సున్నం కొట్టారు. రామసుబ్బమ్మ అంతా చూసింది. ఆ రోజునుంచి ఆమెకు కళ్లు మూసినా తెరిచినా ఆ గోడే.

ఆరు నెలలు తీరాక, "అమ్మేద్దాం" అన్నాడు ఓబుళరెడ్డి. వచ్చేవాళ్లకు చూపించడానికి భార్యను ఆ వాటాలో ఉంచి తాను ఆత్మకూరుకు సేద్యానికి పోయాడు.

మొదటి సాయంత్రమే ఆమెకు చప్పుడు వినిపించింది. దీపం పెట్టే వేళ, గోడ అవతల ఎవరో అరచేత్తో తడుముతున్నారు. పైనించి కిందికి, ఈ చివరనుంచి ఆ చివరికి, నిదానంగా. రామసుబ్బమ్మ గడప దాటి, మేడ చుట్టుకుని పరుగెత్తింది. తోటలో ఎవరూ లేరు. బావి గిలక ఒక్కటే కదులుతోంది. లోపలికి తిరిగొచ్చేసరికి మళ్లీ అదే చప్పుడు. మర్నాడు చూస్తే మూసిన చోట సున్నం మీద చెమ్మ, పదహారేళ్ల పిల్ల చెయ్యి ఎత్తులో. చుక్క వాన లేని ఎండాకాలం అది. ఆమెకు భయం వేయలేదు. పిల్ల ఇంటికొస్తోంది, దారి దొరకడం లేదు. ఈ ఇల్లు పరాయివాళ్ల పాలైతే ఇక తడమడానికి గోడైనా తనది కాదు.

అందుకని ఆమె ఒక ఉపాయం చేసింది. కొనడానికి ఎవరొచ్చినా వసారా చూపించేది, నున్నటి కడప బండల నేల చూపించేది, ఆఖరున ఆ గోడ దగ్గరికి తీసుకుపోయి, "ఈడినించే మా పాపను తీసిరి. ధనిష్ఠ" అనేది. వచ్చినవాళ్లు మంచినీళ్లయినా తాగకుండా పోయేవాళ్లు. ఓబుళరెడ్డి ధర దించాడు, దిష్టి తీయించాడు, మేడనే తిట్టాడు. పెళ్లాం మీద మాత్రం అనుమానం రాలేదు. మగవాళ్లకు ఇంట్లో ఉన్నది ఆఖరున కనపడుతుంది.

అప్పుడొచ్చింది విశ్వాసమ్మ. మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి పని మానుకున్న మనిషి. తెల్లచీర, తెల్లజుట్టు. ఊళ్లో ఏ మంచి వీధిలోనూ అంటరాని కులంలో పుట్టి కిరస్తానీ అయిన మనిషికి ఇల్లు దొరకలేదు. ఎవరూ కొనని ఇల్లయితే తనకు దొరుకుతుందని వచ్చింది. ఆమె అన్నీ చూసి, నేరుగా ఆ గోడ దగ్గరికి పోయి చెమ్మ మీద అరచెయ్యి ఆనించింది.

"ఈడ తలుపు పెడితే తోట కనపడతాది గదా రెడ్డెమ్మా. పెట్టుకుంటా."

రామసుబ్బమ్మకు ఎప్పుడూ చెప్పే నాలుగు మాటలు రాలేదు. ఉన్నదంతా చెప్పేసింది. పిల్ల తలుపు అడగడం, తాను చూస్తాంలే అనడం, కన్నం, సాయంత్రం చప్పుడు. "ఈడ తలుపు పెడితే అది లోపలికి వస్తాది. నీకు భయం ల్యాదా?" అని అడిగింది.

విశ్వాసమ్మ బండల మీద కూర్చుంది.

"మా పిల్లోడు లాజరు. ఆరేండ్లు. ప్లేగు వచ్చిన ఏడు డోన్ బయట గుడిసెల్లో పాయె. నేను ఈడ పరాయోళ్ల పిల్లలకు మందు పోస్తాండా. నేను పోయేటప్పటికి సున్నం పోసి పూడ్చినారు. ఏ గుంతో ఎవురికీ తెల్దు. ప్రభువు దగ్గరుండాడని పాస్టరయ్య చెప్పినాడు. నేనూ నమ్ముతాండా. అయినా దీపాలేళ కాంగానే ఇంతవరకు ఒక్కనాడు తలుపుకు గడె పెట్టలే. మతం మతమే, కడుపు కడుపే రెడ్డెమ్మా."

ఆ సాయంత్రం ఇద్దరూ ఆ చెమ్మకు చెరో పక్క గోడకానుకుని కూర్చుని ఆ చప్పుడు విన్నారు.

ఓబుళరెడ్డి వచ్చి బేరానికి కూర్చున్నాడు. రామసుబ్బమ్మ ఒకే మాట అంది: "ఆయమ్మకే ఇయ్యి. ఇంగెవురికైనా ఇస్తే నేను ఈ బండల మీదినించి లెయ్యను." పైవాళ్లు గగ్గోలు పెట్టారు. బావిలో విశ్వాసమ్మ కడవ ముంచడానికి ఒక రభస, ధనిష్ఠ దారి తెరవడానికి ఇంకో రభస. మొదటి దానికి ఆమె ఓర్చుకుంది, వీధి కుళాయినుంచి నీళ్లు మోసుకుంది. రెండో దానికి మాత్రం ఓర్చుకోలేదు. "తోట అందరిదీ. గోడ నాది" అని, వడ్రంగిని పిలిపించి వేపచెక్క తలుపు పెట్టించింది. గడె బిగించబోతే వద్దంది.

తలుపు పెట్టిన కబురందిన వారానికి రామసుబ్బమ్మ ఆత్మకూరునుంచి వచ్చింది. దీపాల వేళయింది. వీధి గడప తొక్కలేదు, మేడ చుట్టుకుని తోటలోకి పోయింది. కన్నంలోంచి తీసిన పిల్లను ఆ రోజు దించిన చోట కాసేపు నిలబడింది. పైనుంచి గుమాస్తా భార్య చూసి కిటికీ మూసుకుంది. తర్వాత ఆమె వెనక్కి చెయ్యి చాచి, చిన్నపిల్లను నడిపించినట్టు నిదానంగా తలుపు దాకా నడిచింది.

తలుపు తెరిచే ఉంది. లోపల లాంతరు దగ్గర విశ్వాసమ్మ లేచి నిలబడింది.

రామసుబ్బమ్మ లోపలికి అడుగు పెట్టలేదు. పక్కకు ఒత్తిగిలి దారి ఇచ్చింది.

"తలుపు పెట్టినారు సూడు. నువ్వు ముందు పో పాపా" అంది.

ఎవరితో మాట్లాడుతున్నావని విశ్వాసమ్మ అడగలేదు. తానూ ఒక అడుగు వెనక్కి జరిగి, ఒక మనిషి దాటేటంత సేపు ఊరకుంది. అప్పుడు చెయ్యి చాచింది.

"ఇంగ నువ్వు రామ్మా."