పున్నమ్మ కనెక్షన్

కంప్యూటర్ తెర అడుగున కుడివైపు మూలన చిన్న బొమ్మ ఒకటి ఉంటుంది. అది వెలుగుతుంటే కనెక్షన్ ఉన్నట్టు. ఆ వారం మూడు రోజులపాటు అది నాతో అబద్ధమాడింది.

రెండువేల ఏడు, మిరప కోతల కాలం. ఎక్కడో విదేశాల్లో డాక్టర్లు చెప్పి రికార్డు చేసిన మాటలు విని టైపు చేసే కోర్సు పెళ్ళికి ముందు గుంటూరులో నేర్చుకున్నాను. పెళ్ళయి మార్టూరు వచ్చాక అదంతా అటకెక్కిందనుకుంటుండగా, ఇంటి నుంచే పని చేయమని ఓ కంపెనీ కబురు పెట్టింది. ముందు ఒక వారం పరీక్ష. రోజూ మధ్యాహ్నం మూడింటికల్లా ఫైలు పంపాలి. ఆ ఉద్యోగం మీద నాకెంత ఆశంటే, మా ఆయన వీరబాబుతో కూడా పైకి చెప్పుకోలేనంత.

ఇంట్లో ఇంటర్నెట్ వచ్చేది కింద ముందుగదిలో ఉన్న పెద్ద కంప్యూటర్‌కి. ఆ గదిలో పొద్దున్నుంచీ మిర్చి రేటు మాట్లాడే మనుషులుంటారు. వాళ్ళు మాట్లాడితే గుంటూరు యార్డుకి ఫోనక్కర్లేదు. అందుకని కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ పట్టుకుని మేడ మీద గదిలో చేరాను. చిలకలూరిపేట నుంచి గౌస్ బాషా వచ్చి, కింద కంప్యూటర్‌కి యాంటెన్నా బిగించి, దాని ఇంటర్నెట్ గాల్లోంచి పైకి అందేలా అమర్చాడు. ఈ కనెక్షన్‌కి పేరేం పెట్టమంటారని అడిగితే, మా ఆయన ట్రాక్టర్ ట్రక్కు మీద రాయించిన పేరే చెప్పారు: పున్నమ్మ. మా అత్తగారి పేరు.

"ఇక మీరేం నొక్కక్కర్లేదు మేడమ్. ఆన్ చేస్తే ఆటోమేటిగ్గా కలుస్తుంది" అని చెప్పి వెళ్ళిపోయాడు.

నమ్మి చెడినవాళ్ళు లేరంటారు. ఆ మాట అన్నవాళ్ళ ఇంట్లో వైర్‌లెస్ ఉండి ఉండదు.

పొద్దున బ్రహ్మాండంగా పనిచేసేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫైలు పంపబోతే కదిలేది కాదు. బొమ్మ మాత్రం వెలుగుతూనే ఉండేది. ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ వేశాను, రిపేర్ అన్నచోట నొక్కాను, కిటికీ దగ్గరికి జరిగాను, చివరికి దండం కూడా పెట్టాను. సాయంత్రం మా ఆయన కింద రేట్లు చూసుకునే వేళకి అదే బాగయ్యేది. గౌస్ బాషా ఓ సాయంత్రం వచ్చి, "నా ముందు బంగారంలా పనిచేస్తోందిగా మేడమ్" అని కాఫీ తాగి వెళ్ళాడు. ఆ కాఫీ ఎందుకిచ్చానా అనిపించింది.

మూడు ఫైళ్ళు ఆలస్యమయ్యాయి. బుధవారం మూడు దాటగానే కంపెనీ నుంచి ఫోన్. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఆ పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తామన్నారు. గౌస్ బాషాకి ఫోన్ చేసి కసురుకున్నాను.

"ఆ బొమ్మ మీద నొక్కి, ఏ పేరుకి కలిసిందో చదవండి మేడమ్" అన్నాడు.

చదివితే పున్నమ్మ కాదు. రోడ్డవతల గ్రానైట్ కంపెనీవాళ్ళ గెస్ట్‌హౌస్ పేరు! తొలిరోజు తెలియక ఒకసారి దానిమీద నొక్కాను. ఒకసారి కలిస్తే చాలు, ఇంటి కనెక్షన్ దొరకనప్పుడల్లా చెప్పకుండా దాన్నే పట్టుకుంటుందట. అక్కడ సిగ్నలే తప్ప ఇంటర్నెట్ లేదు. ఆ పేరు జాబితాలోంచి తీసేయించాడు గౌస్ బాషా.

"ఇప్పుడు అబద్ధం ఆడదు మేడమ్. రేపు పోయిందంటే నిజంగానే పోయినట్టు. వెంటనే కిందికెళ్ళి చూడండి."

గురువారం భోజనాలయ్యాయి. బొమ్మ మీద ఎర్రటి ఇంటూ గుర్తు పడింది. మెట్లు దిగి పరిగెత్తాను. ముందుగదిలో ఎవరూ లేరు. పెద్ద కంప్యూటర్ తెర నల్లగా ఉంది, గోడ మీద స్విచ్చి ఆపేసి ఉంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని.

"ఎవరాపారు దీన్ని?" ఊళ్ళో గ్రానైట్ రాళ్ళు కోసే మిషన్లకి కూడా వినపడేలా అరిచాను. అరుస్తూనే ఆన్ చేసి, పైకి పరిగెత్తి, మూడు కొట్టేలోపు ఫైలు పంపి, మళ్ళీ కిందికొచ్చాను.

మామగారు మాలకొండయ్య గారు కునుకు చెడి, మంచం మీద లేచి కూర్చుని ఉన్నారు. "నేనేనమ్మాయ్. ఏం?"

కునుక్కి ముందు ఇల్లంతా తిరిగి, మనిషి లేని గదిలో ఫ్యాను, లైటు ఆపడం ఆయన నియమం.

"ఎందుకాపారు మామయ్యగారూ?"

"ఎదురుగా మనిషి లేడుగా! నువ్వేమో పైన ఇంకోటి పెట్టుక్కూర్చున్నావ్. ఒక్క మనిషికి రెండు మిషన్లు తిరగాలా?"

కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన అడిగినదాంట్లో తప్పు లేకపోవడం వల్ల ఇంకా కోపం వచ్చింది.

"మన బోరు మోటారు ఎక్కడుంది?" అన్నాను.

"పత్తి చేలో."

"మిరపతోటకి నీళ్ళో?"

"పైపేశాంగా."

"మీరు మిరపతోటలో పార పట్టుకుని నిలబడతారు. మోటారు దగ్గర మనిషి లేడు కదా అని అత్తయ్యగారెళ్ళి ఆపేస్తే?"

"కాళ్ళిరగ్గొడతా!" అనేసి, అత్తయ్యగారి వైపు చూసి కొంచెం తగ్గారు.

"ముందుగదిలోది మోటారు మామయ్యగారూ. పైన నాది తోట."

"అంటే, నా పేరెట్టి రోజూ నా గొంతే నొక్కుతున్నారన్నమాట" అంది అత్తయ్యగారు, మిరపకాయల తొడిమలు తీస్తూ.

మామగారు గడ్డం గోక్కున్నారు. "పైపేదీ?"

"గాల్లోనే."

"హూఁ" అని అటు తిరిగి పడుకున్నారు. అర్థమయిందో లేదో ఆ వీపు చూస్తే తెలియలేదు.

శుక్రవారం ఆఖరి ఫైలు, అన్నిట్లోకీ పెద్దది. భోజనాలయ్యాయి. కింద స్విచ్చిలు టక్ టక్‌మని ఆగుతున్న చప్పుడు గదిగదికీ దగ్గరవుతోంది. ముందుగదిలో మాత్రం టక్‌మనలేదు. బొమ్మ వెలుగుతూనే ఉంది. ఫైలు వెళ్ళింది. కాసేపటికి జవాబొచ్చింది: సోమవారం నుంచి పనిలో చేరమని.

కిందికి దిగాను. ముందుగదిలో మామగారు కంప్యూటర్‌కి ఎదురుగా కుర్చీ వేసుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. ఆ పని ఆయన జన్మలో చేసి ఉండరు. కళ్ళు ఎర్రబడ్డాయి, తుమ్ములు వరసగా వస్తున్నాయి. పక్కన కింద కూర్చుని అత్తయ్యగారు నవ్వాపుకుంటోంది.

"కునుకు తియ్యలేదా మామయ్యగారూ?"

"మనిషి లేకుండా మోటారొదిలేస్తామా?" మళ్ళీ తుమ్మారు. "నీళ్ళు పారినయ్యా అమ్మాయ్?"

"పారినయ్ మామయ్యగారూ, చివరి సాలు దాకా. సోమవారం నుంచి రోజూ పారాలి."

ఆయన ముక్కు తుడుచుకుని, చేటలో మిగిలిన కాయలు చూసుకుని అత్తయ్యగారితో అన్నారు:

"అయితే ఇయ్యేం సరిపోతయ్యే? ఇంకో బస్తా తెప్పించు."