కాలూకి అత్తరు గిట్టదు

బోయిన్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కాలూ అనే నల్లకుక్క ఉంటుంది. అది మా అమ్మాయి షెకీనాని కరుస్తుందేమో, కరిస్తే ఇంజెక్షన్ దొరకదేమో, దొరికినా అది పాతదేమోనని భయపడి నేను రోజూ దానికి అన్నం పెడుతున్నాను. జనం మాత్రం నాకు కుక్కలంటే ప్రాణమనుకుంటారు.

కాలూ ఎవర్నీ ఏమీ అనదు, ఒక్క హరికిషన్ గారిని తప్ప. ఆయన మా అసోసియేషన్ సెక్రటరీ, అత్తరు పూసుకోనిదే గడప దాటడు. పోయినేడు మున్సిపాలిటీ వాళ్ళు పిల్లలు పుట్టకుండా దాన్ని ఆపరేషన్‌కి తీసుకెళ్ళడానికి వస్తే, వీరుడిలా ముందుకెళ్ళి దాని మెడ నేలకేసి నొక్కింది ఆయనే. అప్పట్నుంచి ఆయన మెట్లు దిగకముందే అది మొరుగుడు మొదలెడుతుంది.

ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి సెల్లారులో మీటింగు జరుగుతోంది.

"గది పిచ్చిది. మళ్ళ కుక్కల బండిని పిలుస్తున్న. పిచ్చిదని రాసుకుంటే ఇగ వాపస్ రాదు," అంటున్నాడు హరికిషన్.

డిగ్రీలో జువాలజీ చదువుతున్న మా షెకీనా ఊరుకోలేదు. "పిచ్చి కాదంకుల్, మీ అత్తరు. వాసన ముక్కులోంచి సూటిగా మెదడులో భయం పుట్టే చోటికి పోతుంది. దాన్ని అమిగ్డలా అంటారు. జ్ఞాపకాలు దాచేది కూడా దాని పక్కనే. అందుకే అత్తరు తగిలితే చాలు, దానికి ఆ రోజు గుర్తొస్తుంది."

అమిగ్డలా అంటే నాకు మందు బిళ్ళ పేరులా వినిపించింది.

పరీక్ష చేద్దామన్నారు. హరికిషన్ అత్తరు రుమాలు భుజాన వేసుకుని ట్రెజరర్ బాబూరావు గారు గేటు దాకా వెళ్ళాడు. రోజూ ఆయన చేతి బిస్కెట్లు తినే కాలూ వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమంది. ఆయన రుమాలు పారేసి వెనక్కొచ్చాడు.

"అయితే ఏంది? నా అత్తరు బంద్ చేయాల్నా? పెండ్లయిన సంది పెట్టుకుంటున్న!"

అది సబబేనన్నారు అందరూ. సీసాకి మూత పెట్టడం కంటే కుక్క ప్రాణం తీయించడమే సులువని చదువుకున్న పెద్దమనుషులు తేల్చారు.

"కాంతమణక్కా, నువ్వు పిలిస్తే వస్తది. బండోళ్ళు వల పట్టుకోని నిలబడతరు, నువ్వు జెర పిలువు, చాలు," అన్నాడు హరికిషన్ నాతో.

నేను షెకీనా వైపు తిరిగాను. "పిచ్చి లేదని తేలి మళ్ళీ ఇక్కడే వదిలేస్తే? అప్పుడది ఎవరి వాసన గుర్తుపెట్టుకుంటుందే షెకీనా?"

"నీదే మమ్మీ."

"ఎన్నాళ్ళు?"

"ఏళ్ళకేళ్ళు."

"నేను పిలవను గాక పిలవను! బాబూరావు గారిని పిలవమనండి."

"నాకు షుగరమ్మా, పరిగెత్తలేను."

"మాది గేటు పక్క గ్రౌండ్ ఫ్లోరు ఆంటీ," అంటూ రాధిక పిల్లాణ్ణి ఎత్తుకుని లోపలికి నడిచింది. ఒక్కొక్కరే కుర్చీల్లోంచి లేచారు.

బాబూరావు గారు గొంతు సవరించుకున్నాడు. "మీరే పిలవండి సార్. మీ మీద దానికి కొత్తగా వచ్చే కోపమేం లేదు కదా."

హరికిషన్ గేటు వైపు చూశాడు. కాలూ అప్పటికే లేచి నిలబడి ఉంది. "నాకెందుకు పరేషాన్, ఉండనియ్యిండ్రి," అని ఆయన మెట్లెక్కేశాడు.

సాయంత్రం గ్రూపులో ఆయన మెసేజ్ వచ్చింది: 'మూగజీవాల మీద కరుణతో బండిని పిలవరాదని అసోసియేషన్ తీర్మానించింది.' కింద అందరూ దండాలు పెట్టారు. నేనూ పెట్టాను. పెట్టకపోతే ఆయన నన్ను గుర్తుపెట్టుకుంటాడేమోనని.