పావు సెకను నిశ్శబ్దం

పాటలో తన గొంతును ఎవరో కోసి పక్కకు జరిపారని తనూజకు మంగళవారం పొద్దున, కుక్కర్ రెండో కూత వేసేలోగా తెలిసిపోయింది.

లాప్‌టాప్ తెర మీద రెండు గీతలున్నాయి. పైది భర్త చంద్రశేఖర్ వాయించిన కీబోర్డు. కిందిది, దాన్ని ఇయర్‌ఫోన్స్‌లో వింటూ తాను పాడిన పాట. రెండూ కలవడానికి ఒక పద్ధతి ఉంది. అతను మూడు అంకెలు లెక్కపెట్టి ఒక చప్పట కొట్టి వాయిస్తాడు. ఆమె ఆ లెక్క విని, సరిగ్గా అతని చప్పటతో పాటే తానూ ఒక చప్పట కొట్టి పాట ఎత్తుకుంటుంది. తర్వాత రెండు చప్పట్లనూ ఒకదాని కింద ఒకటి నిలబెడితే చాలు.

చప్పట్లు కలిసే ఉన్నాయి. గొంతు మాత్రం వెనకబడింది.

హిందూపురం స్టూడియో నుంచి రెండు పాటలు ఇలాగే తిరిగొచ్చాయి. గొంతు బాగుంది, తాళం నిలవడం లేదన్నారు. మూడోది ఈ సాయంత్రంలోగా అందాలి. ఇదీ పోతే పెళ్లిపాటలకు వేరే మనిషిని చూసుకుంటారు. సరిచేసి పంపేది ఎప్పుడూ చంద్రశేఖరే. "పొయ్యి మీద చెయ్యి, పాట మీద గొంతు అంటే యాడ కుదుర్తుందే?" అన్నాడు మొదటిసారి. రెండోసారి నవ్వి, "పోనీలే, నా పక్కన కోరస్ పాడుదువులే" అన్నాడు. రెండుసార్లూ నమ్మింది. నెల రోజులుగా గిన్నెలు తోముతూ, బట్టలు పిండుతూ, లోపల తాళం వేసుకుంటూ తనను తానే అనుమానించుకుంది. గోరంట్లలో పెళ్లిళ్లకు అవ్వ పక్కన నిలబడి పాడినప్పుడు ఒక్కసారీ తప్పని తాళం, పన్నెండేళ్ల సంసారంలో ఏ మూల జారిపోయిందో వెతుక్కుంది.

ఈ రోజు అతను పెనుకొండలో పెళ్లికి వాయించడానికి పోతూ లాప్‌టాప్ మూయడం మరిచాడు. దాన్ని వాడడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. కాఫీ గ్లాసు అందిస్తూ భుజం మీదుగా చూసి నేర్చుకుంది.

చప్పటకూ మొదటి మాటకూ మధ్య చోటును పెద్దది చేసింది. ఒక పావు సెకను గీత చదునుగా ఉంది. విన్నది. మళ్లీ విన్నది.

అక్కడ మగ్గం లేదు.

తాను పాడేటప్పుడు అత్త పార్వతమ్మ పక్క గదిలో నేస్తూనే ఉంటుంది. బతిమాలితే, "నీ పాటకని మగ్గం నిలిపితే చీర ఎవురు దించుతారమ్మా?" అంటుంది. దుప్పటి కప్పుకుని పాడినా ఆ చప్పుడు సన్నగా, పాట పొడవునా పడుతుంది. దాన్ని ఎన్నిసార్లు తిట్టుకుందో! ఇప్పుడు ఆ మగ్గం దెబ్బ ఒకటి సగంలో తెగింది. పావు సెకను ఏమీ లేదు. ఆ తర్వాత మిగతా సగం. మగ్గాల మధ్య పుట్టినవాడి చెవికి మగ్గం ఆనదు. పోయినా తెలియదు.

పాత ఫైలును అలాగే ఉంచి, ఇంకో కాపీలో గొంతును ముందుకు లాగింది. దెబ్బ సగాలు రెండూ అతుక్కున్నాయి. పాట వేసింది. ఒక్క మాట కూడా జారలేదు. అతని కీబోర్డుతో సహా, మొదటిసారి తన నంబరు నుంచి స్టూడియోకి పంపింది.

నాలుగింటికి చంద్రశేఖర్ వచ్చాడు. "ఏమే, కాఫీ యాడ?"

తనూజ లేవలేదు. పాత ఫైలులో ఆ ఒక్క చోటునే స్పీకరులో వినిపించింది. మళ్లీ వినిపించింది. మూడోసారికి పక్క గదిలో మగ్గం ఆగింది.

"అదేమప్పా, దెబ్బ సగానికి తెగిపాయ? నా మగ్గమేనా అది?" అంది పార్వతమ్మ.

"మీ అమ్మ మగ్గం నిలపలేదు. నేను పాట నిలపలేదు," అంది తనూజ. "ఎవురు నిలిపినారు?"

అతను భుజం మీది కీబోర్డు సంచి దించలేదు.

"నేనే జరిపినా. మూడు పాటలూ నేనే. స్టూడియో ఆయప్ప మొదట్లోనే ఫోన్ చేసి, మీ ఆమె గొంతు ఒకటే పంపు, కీబోర్డుకు మాకాడ వేరే మనిషి ఉండాడు అనె. పదహైదేండ్లు వాయించినోన్ని తనూ. నీ తాళం తప్పకపోతే, ఇంక నాతో పనేముండాది నీకు?"