రోకలి పొన్ను తొడిగిన కాలు

నేను ఒక మట్టం కట్టెను. పేరు విని నన్నేదో గొప్ప యంత్రం అనుకోకండి. మూడు కానుగ కొమ్మలు, ఒక పురికొస, ఒక గులకరాయి, ఇంతే నేను. రెండు పొడుగు కర్రలకు పైన తలలు కలిపి కట్టి, నడుమ అడ్డంగా మూడో కర్ర బిగించి, పైనుంచి దారంతో రాయిని వేలాడదీస్తే నేను తయారు. కాళ్లు ఎడంగా పెట్టుకుని నిలబడ్డ మనిషిలా ఉంటాను. పట్నం నుంచి వచ్చి నన్ను చేయడం నేర్పినాయన నాకేదో ఇంగ్లీషు పేరు చెప్పాడు గానీ, ఊళ్లో ఎవరి నోరూ దానికి తిరగలేదు.

నా రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఆనితే, రాయి కట్టిన దారం అడ్డకర్ర మీది గాటు దగ్గర సరిగ్గా నిలుస్తుంది. గుట్ట వాలు మీద నన్ను అడుగడుగునా అలా నిలబెట్టి, కాలు ఆనిన చోటల్లా సున్నం చల్లుకుంటూ పోతే, ఎగుడూ దిగుడూ లేని గీత ఒకటి పడుతుంది. ఆ గీత వెంట కందకం తవ్వి, ఆ మన్ను దిగువన కట్టగా పోస్తే వాన నీళ్లు పరుగెత్తవు. అక్కడే నిలబడి, ఇంకి, ఎన్నాళ్లకో కింద వంకలో ఊటగా తేలతాయి.

మా వంక పేరు నేరేళ్ల వంక. పేరులో తప్ప ఒడ్డున ఎక్కడా నేరేడు చెట్టు లేదు. గుట్ట మీది చెట్లు ఇటుక బట్టీలకు పోయాయి, వంకలోని ఇసుక ఊళ్లోవాళ్ల ఇళ్లకే పోయింది. తర్వాత అందరూ కూర్చుని వంక ఎందుకు ఎండిందా అని ఆశ్చర్యపోయారు. మనుషుల ఆశ్చర్యాలు నాకు అలవాటే.

నన్ను చేసింది తిప్పక్క. యాభై దాటిన మనిషి, మొగుడు పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. పుట్టింది ఆ ఊళ్లోనే, మెట్టిందీ ఆ ఊళ్లోనే. చిన్నప్పుడు వంక ఇసుకలో చేత్తో తోడితే నీళ్లొచ్చిన చెలమ, ఆమె పెళ్లినాటికి మోకాటి లోతుకు, తలనెరిసేనాటికి నడుం లోతుకు దిగింది. ఒక ఎండాకాలం నిలువులోతు తవ్వినా తడి తగల్లేదు. ఆ రోజు ఆమె ఖాళీ బిందె గట్టున పెట్టి, చెలమలో దిగి కూర్చుని ఏడ్చిందట. ఆమే చెప్పింది నాకు. ఒంటరి మనుషులు కట్టెలతో మాట్లాడతారు.

మా వైపు సోమవారం ఎవరూ మడక కట్టి దున్నరు, ఆ రోజు ఎద్దులకు సెలవు. తిప్పక్క ఇల్లిల్లూ తిరిగి ఒక మాట అడిగింది. ఎద్దులకు సెలవైన రోజు మనుషులు ఇంటికొకరు గుట్టకు రావాలి. మొదటి సోమవారం తొమ్మిదిమంది వచ్చారు. మూడో నెలకు డెబ్బైమంది.

నా గాటు పెట్టిన విధం చెప్పాలి, కథంతా అందులోనే ఉంది. నన్ను రెండు రాళ్ల మీద నిలబెట్టి దారం పడిన చోట గుర్తు పెట్టారు. కాళ్లు అటుదిటు మార్చి మళ్లీ నిలబెట్టి ఇంకో గుర్తు పెట్టారు. రెంటికీ సరిగ్గా నడుమ కత్తితో గాటు కోశారు. "కాలు అరిగినా విరిగినా ఈ పరీక్ష మళ్లీ చేయండమ్మా" అని నేర్పినాయన ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లాడు.

మొదటి ఏడు తవ్విన కందకాలు వానకు నిండి, చెక్కు చెదరకుండా నిలబడ్డాయి. ఊరు ఊరంతా పొంగిపోయింది. ఆ విజయదశమికి కొడవళ్లు, పారల పక్కన నన్ను కూడా నిలబెట్టి, నా గాటుకు పసుపు కుంకుమలు పెట్టారు. అప్పటినుంచి రెండు నియమాలు పుట్టుకొచ్చాయి. కుంకుమ పెట్టిన గాటుకు కత్తి తగలకూడదు. కుంకుమ ఉన్న ముఖం ఎప్పుడూ గుట్ట వైపే ఉండాలి. అంతకుముందు నన్ను ఒక కాలి మీద గిర్రున తిప్పుతూ నడిపించేవాళ్లు, ఓసారి ఈ కాలు ముందుంటే ఓసారి ఆ కాలు. ఇప్పుడు ముఖం తిప్పకూడదు కాబట్టి, ఎత్తి ముందుకు పెట్టడమే. వెనక కాలు ఎప్పుడూ వెనకే. మనుషులు దేన్నయినా దండం పెట్టేవరకే పరీక్షిస్తారు. పెట్టాక ఇంక దానికి తప్పులుండవు.

మూడో ఎండాకాలానికి ఒక్క వాలు మిగిలింది. దాని కింద వన్నూరప్ప చేను. ఎకరన్నర ఎర్రమన్ను, వాళ్ల నాయన రాళ్లేరి, తట్టలతో మోసి చేసిన చేను. భార్య, అతను, ఆ చేను, వేరే ఏమీ లేదు వాళ్లకు. వన్నూరప్ప ఒప్పుకోలేదు.

"నా నెత్తిన నీళ్లు నిలబెడతానంటావు. కట్ట తెగితే నా గతేందక్కా?"

"ఇన్ని కందకాలు తవ్వితిమి, ఒగటన్నా తెగిందా? నా కట్టె మాట తప్పదప్పా. తెగితే నన్నడుగు."

"నువ్వు చెప్తాండావు కాబట్టి" అన్నాడు.

ఆ వారమే నా కాలొకటి బండకు తగిలి చీలింది. తిప్పక్క చీలిన మేర రెండు వేళ్ల వెడల్పు కోసేసింది. మళ్లీ చీలకుండా ఉండాలని తన రోకలి కొనకు కట్టులా ఉన్న ఇనుప పొన్ను ఊడబెరికి నా కాలికి తొడిగింది. వాళ్లమ్మ ఇచ్చిన రోకలి అది.

"పొన్ను పీకేస్తే కొర్రలెట్ల దంచుకుంటావక్కా?" అని పక్కింటామె నవ్వింది.

"మిల్లుండాదిలే. దీని కాలు పోతే నాకింకో కాలు యాడుంది?" అంది తిప్పక్క.

నాకు ఎవరూ అంత ప్రేమగా ఏమీ చేయలేదు. ఆ ప్రేమతోనే నేను అబద్ధాలకోరునయ్యాను. ఒక కాలు పొట్టిదైంది. గాటు మాత్రం పాత చోటే ఉంది. పరీక్ష ఎవరికీ గుర్తురాలేదు. గుర్తొచ్చినా, కుంకుమ పెట్టిన గాటును ఎవరు మార్చగలరు? పొన్ను తొడిగిన కాలు వెనక, మంచి కాలు ముందు. దారం గాటు దగ్గరే నిలిచేది, ముందు కాలు మాత్రం ప్రతిసారీ రెండు వేళ్లు కిందికి దిగేది. వాలు చివర, వన్నూరప్ప చేని నెత్తికి చేరేసరికి నేను వేసినవి అరవై అడుగులు. గీత నిలువెత్తు దిగిపోయింది. గుట్ట మీద ఆ తేడా కంటికి ఆనదు. నాకు తెలుసు. కానీ నాకున్న నోరు ఆ దారమొక్కటే.

ఐదు సోమవారాలు తవ్వారు. చివరి సోమవారం వన్నూరప్ప కూడా పార పట్టుకుని వచ్చాడు, వెంట భార్యనూ తీసుకొచ్చాడు. తన చేని మీదికి వచ్చే కట్టను తన చేతులతోనే తొక్కి గట్టిచేశాడు.

తొలకరికి వేరుశనగ విత్తాడు. మొలక రెండాకులు వేసిన పది రోజులకు, మధ్యాహ్నం వేళ వాన దిగింది. కందకంలో నిలబడాల్సిన నీళ్లు నిలబడలేదు. నడిచాయి, తర్వాత పరుగెత్తాయి. వాలు మొత్తం నీళ్లు ఒక్క చివరకు చేరి కట్టను తెంచుకుని చేని మీద పడ్డాయి. పొద్దుగూకేలోపు వన్నూరప్ప చేనులో బండ తేలింది. మన్నంతా వంకలోకి పోయింది.

ఊరంతా గట్టున చేరింది. "ఏమి వాన తల్లీ, ఎవురేం జేస్తారు" అన్నారు. మర్నాడు పొద్దున్నే తిప్పక్క నన్ను భుజాన వేసుకుని గుట్టెక్కింది. రెండు రాళ్లు సరిచూసి నన్ను నిలబెట్టింది. దారం ఎక్కడ పడిందో చూసింది. అప్పుడు, కుంకుమ పెట్టాక మొదటిసారి, నా ముఖం తిప్పి నిలబెట్టింది. దారం రెండుసార్లూ గాటుకు పొన్ను కాలి వైపే, వేలెడు దూరంలో ఆగింది. ఆమె అక్కడే కూలబడి, పొన్ను తొడిగిన కాలును రెండు చేతులా పట్టుకుంది.

దిగివచ్చి అందరి ముందూ చెప్పింది. "వాన తప్పు కాదు. దీని కాలు కోసింది నేను, మట్టం సరిచూడంది నేను. వన్నూరప్పా, నన్నడగమన్నా కదా, అడుగు."

అతను తల ఎత్తలేదు. "ఏమడగల్లక్కా? నువ్వేమన్నా మన్ను కనిస్తావా?"

నెల తిరక్కముందే భార్యాభర్తలు బెంగళూరుకు, కట్టడం పనులకు వెళ్లిపోయారు.

తిప్పక్క కానుగ కొమ్మలతో ఇంకో కట్టె చేయించింది. దానికి కుంకుమ పెట్టనివ్వలేదు, ప్రతి సోమవారం రెండు రాళ్ల మీద తిప్పి చూశాకే గుట్టెక్కనిచ్చింది. తెగిన కందకాన్ని సరైన మట్టానికి మళ్లీ తవ్వించింది. నా పొన్ను మాత్రం పీకలేదు. "ఇట్లే ఉండనీ, సూసినప్పుడల్లా నాకు గుర్తుండల్ల" అని తన గోడకు తగిలించుకుంది. మిగతా రోజుల్లో ఒక్కతే వంకలో దిగి, ఒండ్రు తట్టకెత్తి, వన్నూరప్ప చేనులో పోసి వచ్చేది. మొదట్లో నలుగురు తోడు వెళ్లారు. తర్వాత వాళ్లకు వేరే పనులు గుర్తొచ్చాయి.

రెండు వానలు గడిచాక చెలమలో ఊట పడింది. ఎండాకాలం నడిమికి కూడా చేత్తో తోడితే నీళ్లు. ఊళ్లో డప్పులు కొట్టారు. తిప్పక్క ఆ నీళ్లు ముట్టలేదు. దూరాన ఉన్న బోరింగు దగ్గరికే బిందె పట్టుకుని వెళ్లేది.

పీర్ల పండక్కి వన్నూరప్ప వచ్చాడు. ఆమె చెలమకు పోయి చెంబుతో నీళ్లు ముంచి తెచ్చి ఇచ్చింది. మా గుమ్మం ముందే నిలబడి తాగాడు.

"తియ్యగా ఉండాయక్కా నీళ్లు" అన్నాడు. చెంబు తిరిగిస్తూ, "సేనుకాడికి పోయొచ్చినా. నువ్వింక మొయ్యొద్దు. వానొస్తే అదీ పోతాండాది" అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే ఆమెకు తేలికగా ఉండేదేమో. చెంబులో అడుగున మిగిలిన గుక్కెడు నీళ్లు ఆమె తాగింది. మర్నాడు మళ్లీ తట్ట ఎత్తుకుంది. ఇంకో ఏడాదిన్నర మోసింది. ఆమె పోయేనాటికి ఎకరన్నరలో పావు ఎకరం కూడా కప్పలేదు.

తర్వాత నన్ను జిల్లాలో ఒక శిక్షణ కేంద్రానికి ఇచ్చేశారు. వార్నీషు పూసి, గాజు గదిలో నిలబెట్టి, 'నేరేళ్ల వంకకు ప్రాణం పోసిన పరికరం' అని కింద చీటీ అంటించారు. పొన్ను అందంగా ఉందని తోమించారు కూడా. వచ్చిన పెద్దలు నా దారం గాటు దగ్గర ఆగలేదని పసిగట్టారు. నేల సరిగా లేదన్నారు. అక్కడి కాపలాదారు అట్టముక్క ఒకటి మడిచి, పొన్ను తొడిగిన కాలు కింద పెట్టాడు. ఇప్పుడు దారం సరిగ్గా గాటు దగ్గరే నిలుస్తోంది.

తిప్పక్క ఉంటే ఆ అట్టముక్క లాగేసేది.